కుక్కకు విసిరిన రొట్టె

శుక్రవారం మధ్యాహ్నం మిన్నీ డార్ష్ కొడుకు సంచి సర్దడం మూడోసారి మొదలుపెట్టింది.

మొదటిసారి ఉన్ని బనీన్లు అడుగున పడ్డాయి. దారిలో బస్సు ఆగిపోయి చలేస్తే అడుగునుంచి లాగడం కష్టమని అన్నీ బయటికి తీసింది. రెండోసారి బనీన్లు పైకొచ్చాయి గాని, మోకాలికి రాసుకునే మందు సీసా బూట్ల పక్కన చేరింది. బూటు అడుగు మేకు తగిలి సీసా చిట్లితే, ఆ గాజుపెంకు మేజోడులోకి పోతే, వీడు చూసుకోకుండా కాలు దూర్చితే... అక్కడితో ఆలోచన తెంపుకుని మళ్ళీ అన్నీ మంచం మీద పరిచింది.

వెళ్ళేది ఒక్క రాత్రికి. శనివారం పొద్దున బస్సెక్కడం, మధ్యాహ్నం పోర్ట్ ఎలర్టన్‌లో ఫైనల్ ఆడడం, ఆదివారం భోజనాల వేళకి స్టైన్‌ఫాల్స్ వచ్చెయ్యడం. లియాండర్‌కు ఇరవై ఏడేళ్ళు. వారమంతా కాగితం మిల్లులో పని, శనివారాలు మిల్లు జట్టుకి అమెరికన్ ఫుట్‌బాల్. జట్టులో అతను క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ బంతి ముందు అతని చేతికే వస్తుంది. దాన్ని దూరంగా విసరాలో, పక్కవాడికి అందించాలో, తనే పట్టుకుని పరుగెత్తాలో రెండు క్షణాల్లో తేల్చుకోవాలి. ఆ రెండు క్షణాల్లోనే ఎదుటి జట్టులోని ఎడ్లలాంటి మనుషులు మీదికి దూకుతారు. ఆటలో మిన్నీకి బాగా అర్థమైనది ఈ దూకడమే.

సంచి గోధుమరంగు కాన్వాసుది. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఇదే సంచి పట్టుకుని ఆమె భర్త హెర్మన్ సరస్సు మీద ఖనిజం మోసే ఓడ ఎక్కాడు. నవంబరు గాలికి ఓ పెద్ద అల వచ్చి మనిషిని తీసుకుపోయింది. ఓడ ఒడ్డుకు చేరింది, సంచి రైల్లో ఇంటికి చేరింది. అలాంటి సంచిని ఇంకా ఎందుకుంచావని చుట్టాలు అడిగితే, తిరిగి రావడం తెలిసిన సంచి అది ఒక్కటే అనేది మిన్నీ.

"అక్కా, వాడు ఫైనల్ ఆడడానికెళ్తున్నాడా, ధ్రువాన్ని కనిపెట్టడానికెళ్తున్నాడా?"

గుమ్మంలో ఆపిల్ కొరుకుతూ నిలబడ్డాడు తమ్ముడు ఫ్లోరియన్. హెర్మన్ పోయినప్పుడు అక్కకు తోడుగా ఒక నెల ఉండి వెళ్తానని వచ్చినవాడు, అప్పట్నుంచీ వెనక గదిలోనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు అతనూ మిల్లు జట్టుకి క్వార్టర్‌బ్యాకే. ఇప్పుడు యాభై తొమ్మిదేళ్ళు, పొట్ట వచ్చింది, రక్తపోటు వచ్చింది, నోరు మాత్రం పాతికేళ్ళప్పటిదే.

"నీ గొంతు తగ్గించి ఆ డబ్బా ఇలా అందుకో. మూత గట్టిగా పట్టుకో," అంది మిన్నీ.

డబ్బాలో లియాండర్ మేజోళ్ళున్నాయి. జట్టు గెలుస్తున్నంతకాలం ఆటగాడి మేజోళ్ళు ఉతకకూడదని స్టైన్‌ఫాల్స్ ఆడవాళ్ళందరికీ పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఈ ఏడు సెప్టెంబరునుంచీ జట్టు ఓడలేదు. మొదట్లో మేజోళ్ళు వసారాలో మేకుకు వేలాడేవి. అక్టోబరులో పక్కింటివాళ్ళు మాటాడారు. అప్పట్నుంచీ కాఫీ డబ్బాలో ఉంటున్నాయి.

"ఇవి వేసుకుని నిలబడితే చాలు, ఎదుటి జట్టు దగ్గరికే రాదు," అన్నాడు ఫ్లోరియన్ డబ్బాను చెయ్యంత దూరంలో పెట్టి. "అందుకే గెలుస్తున్నాడేమో వీడు. ఆట చూసి కాదుగా!"

"గెలుస్తున్నాడుగా. ఎలాగైతేనేం?"

"సీజను వేరు, ఫైనల్ వేరు. ఫైనల్లో ఎక్కడో ఓ చోట కళ్ళు మూసుకుని బంతిని ఆకాశంలోకి విసరాలి. అది వీడి వల్ల కాదు. వీడి తప్పూ కాదులే. పెంచినవాళ్ళది. ఆరేళ్ళ పిల్లాణ్ణి బడికి పంపుతూ ఏం చెప్పావో గుర్తుందా? ష్రూడర్ల కుక్క వెంటపడితే చేతిలో రొట్టె దానికి విసిరేసి ఇంటికొచ్చెయ్యమన్నావ్! నేనైతే కుక్కను ఒక్క తన్ను తన్నమనేవాణ్ణి."

"నువ్వు తన్నావుగా. పిక్క మీద ఆ మచ్చ అందానికి పెట్టుకున్నావా?"

ఫ్లోరియన్ నవ్వేసి ఆపిల్ ముచ్చిక పొయ్యిలో పడేశాడు. మిన్నీ నవ్వలేదు. ఆమె బాధ కుక్క గురించి కాదు, ఫైనల్ గురించీ కాదు. సోమవారం కోచ్ ఇంటికొచ్చి ఒక మాట చెప్పి వెళ్ళాడు. పెద్ద నగరంలోని ప్రొఫెషనల్ జట్టునుంచి ఒకాయన ఈ ఆట చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే లియాండర్‌ను తీసుకుపోతాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆమె ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా ఇది వీడు వదిలేసి వెళ్తాడా, పట్టుకెళ్తాడా అనే లెక్కే.

*

సాయంత్రం గస్ట్ జీబార్త్ సారాకొట్లో శుక్రవారపు చేపల వేపుడు. మిన్నీ శుక్రవారాలూ, ఆట ఉన్న రోజులూ అక్కడ వంటగదిలో పనిచేస్తుంది. వంటగదికీ కొట్టుకీ మధ్య పళ్ళేలు అందించే చిన్న కిటికీ ఉంది. చేపముక్క నూనెలో వేసినప్పుడల్లా ఆమెకు మాటలు వినిపించవు, తీసినప్పుడల్లా వినిపిస్తాయి. ఆ రోజు ఎప్పుడు తీసినా ఒకే మాట వినిపించింది.

"జాగ్రత్తపరుడు కప్పు గెలవడయ్యా!" బల్ల గుద్దుతున్నాడు మంగలి ప్రోక్నో. ఊళ్ళో సగంమంది గడ్డాలు అతని చేతిలో ఉంటాయి కాబట్టి అతనితో గట్టిగా వాదించేవాళ్ళు తక్కువ. "సీజనంతా ఎదుటివాళ్ళకి ఒక్క బంతీ దొరకనివ్వలేదట! ఎందుకు దొరుకుతుంది? ఎవడైనా దగ్గరికొస్తే చాలు, బంతిని జనంలోకి విసిరేస్తాడు. నా ఒళ్ళోనే రెండు పడ్డాయి. కాఫీ అంతా ప్యాంటు మీదే!"

"ప్యాంటు పోయిందిగాని ఆట పోలేదుగా," అన్నాడు గస్ట్ గ్లాసు తుడుస్తూ. రెండు పక్షాలవాళ్ళూ తన దగ్గరే తాగుతారు గనక ఆయన ఇద్దరికీ చెరోమాట అందిస్తుంటాడు.

"ఆట పోకపోవడం గెలవడమా?" అందుకున్నాడు ఫ్లోరియన్. "పోర్ట్ ఎలర్టన్ వాళ్ళంటే ఏమనుకుంటున్నారు! ముప్ఫై ఏడులో నేను ఆడాను వాళ్ళతో, అదే మైదానంలో..."

కొట్టంతా ఒక్కసారిగా మూలిగింది. ఆ కథ తెలియనివి అక్కడ చేపలు మాత్రమే, అవి కూడా వేగిపోయాయి.

ఫ్లోరియన్ ఆగలేదు. ఫైనల్, ఆఖరి నిమిషం, మూడు పాయింట్లు వెనక. బంతిని అరవై గజాలు విసిరాడు. అలాంటి విసురు ఆ రాష్ట్రంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. బంతి గాలిలో ఉండగా రెండు ఊళ్ళూ లేచి నిలబడ్డాయి. తీరా అది వెళ్ళి పోర్ట్ ఎలర్టన్ వాడి గుండెల మీద వాలింది.

"ఆట అయిపోయాక గేటు దగ్గర గట్టు మీద కూలబడ్డాను. అక్కడ సాసేజ్‌లు కాల్చి అమ్మే పిల్ల ఒకతె ఉండేది. వెర్నా అని పేరు, గేటువాడు పిలుస్తుంటే విన్నాను. బన్నులో సాసేజ్ పెట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టి ఏవందో తెలుసా?"

"బాగా విసిరావు, పట్టుకున్నవాడే తప్పు!" అని కొట్టంతా ఒక్క గొంతుతో అరిచింది.

"పొగరు! ఓడిపోయి ఏడుస్తున్నవాడితో అనే మాటా అది?" అన్నాడు ఫ్లోరియన్. ఎప్పుడూ అలాగే అంటాడు. అంటున్నప్పుడు ఎప్పుడూ టోపీ తీసి వేళ్ళతో అంచు సవరిస్తాడు. ఆ సంగతి మిన్నీ ముప్ఫై అయిదేళ్ళుగా చూస్తూనే ఉంది. దాన్ని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆమె జల్లిగరిటె పట్టుకునే కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఇంతకీ నువ్వు చెప్పినదాంట్లో గెలిచిందెవరు తమ్ముడూ?"

నవ్వులు.

"అది కాదక్కా పాయింటు..."

"అదే పాయింటు. నువ్వు ఆకాశంలోకి విసిరావు, ఊరంతా మెచ్చుకుంది, కప్పు వాళ్ళింటికెళ్ళింది. నా కొడుకు విసరడు. ఎవరూ మెచ్చుకోరు. ప్రోక్నో ప్యాంటు తడుస్తుంది. కప్పు మాత్రం ఇక్కడికొస్తుంది, ఈ గల్లాపెట్టె పక్కన కూర్చుంటుంది."

"పందెమా?" అన్నాడు ఫ్లోరియన్.

"పందెమే."

"అయితే ఓడినవాళ్ళు ఈ గస్ట్ బల్లెక్కి అందరి ముందూ చెప్పాలి. ‘నేను ఇన్నేళ్ళూ తప్పు వాగాను’ అని."

"నా బల్లకి మీ ఇద్దరిలో ఎవరెక్కినా ప్రమాదమే," అన్నాడు గస్ట్. "అయినా ఫ్లోరియన్, నీకిదంతా ఎందుకయ్యా? దూరంగా విసరడం నీకు నోటితోనే వచ్చు. ఇరవై ఏళ్ళనుంచీ చూస్తున్నా, రొట్టె మీద వెన్న రెండోసారి రాసుకోవాలంటే మీ అక్క మొహం చూస్తావు."

ఈసారి నవ్వులు కొట్టు పైకప్పు అదిరేలా లేచాయి. ఫ్లోరియన్ చేతిలో నిజంగానే వెన్న కత్తి ఉంది. అతనూ నవ్వాడు, కత్తి పళ్ళెంలో పెట్టేశాడు. వెన్న రాసుకోలేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరే ఉన్నారు. రోడ్డు పక్కన మొదటి మంచు పల్చగా పేరుకుంది. మిన్నీ తమ్ముడి చెయ్యి పట్టుకుని చిన్న చిన్న అడుగులు వేస్తోంది.

"ఒక మాటడుగుతాను, తిట్టకు," అన్నాడు ఫ్లోరియన్. "నీకు వాడు గెలవాలని కాదు కదూ? జాగ్రత్తగా ఆడాలని. ఆ నగరంనుంచొచ్చే పెద్దమనిషికి నచ్చకూడదని. బంతిని జనంలోకి పారేసేవాణ్ణి ఎవడూ ఎత్తుకుపోడని."

మిన్నీ మంచులో అడుగు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ కొంతదూరం నడిచింది.

"గెలిచి ఇంటికొస్తే ఎవరు ఏడుస్తారు?" అంది చివరికి.

"ఎవరూ ఏడవరు. వాణ్ణి అడిగావా మరి?"

"ఏవని?"

"వెళ్తావా, ఉంటావా అని. మనింట్లో ఆ ప్రశ్న ఎవర్నీ అడగం. నన్నూ ఎవరూ అడగలేదు."

"నిన్నేం అడగాలి? నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదక్కా. మెల్లిగా నడువు, ఇక్కడ జారుతుంది," అన్నాడు ఫ్లోరియన్.

*

శనివారం పొద్దున మిల్లు గేటు ముందు బస్సు నిలబడి పొగ వదులుతోంది. లియాండర్ ఎక్కబోయే ముందు బస్సు చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ కాలితో తట్టి చూశాడు. డ్రైవరుకు కోపం రాలేదు. లియాండర్ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆట చూడ్డానికి జట్టుతో వెళ్తున్న ఫ్లోరియన్ ఉత్త చేతులతో వచ్చాడు. ఒక్క రాత్రికి సంచెందుకు, కోటు జేబులో పళ్ళు తోముకునే బ్రష్షుంది చాలన్నాడు. అలా అంటాడని మిన్నీకి ముందే తెలుసు. తెల్లవారుజామునే అతని ఉన్ని చొక్కా, గడ్డం కత్తి, రక్తపోటు బిళ్ళల డబ్బా లియాండర్ సంచిలో ఒక పక్కన దూర్చేసింది. బిళ్ళలు అయిదు రోజులకి సరిపడా పెట్టింది. మంచు పడి దారులు మూసుకుపోతే?

"మీ మామయ్య బిళ్ళ రాత్రి భోజనం అయ్యాక. నువ్వే చేతికిచ్చి మింగించు. చేతికిస్తే చాలదు," అంది కొడుకుతో.

"సరేనమ్మా."

"మైదానం గట్టిగా గడ్డకట్టుంటుంది. మీదికొస్తుంటే బంతి పారేసెయ్. నీకు బంతితో ఏం పని?"

"అమ్మా, నేను క్వార్టర్‌బ్యాక్‌నే," అన్నాడు లియాండర్ మెల్లిగా.

మిన్నీ అతని కోటు పై బొత్తాం పెట్టింది. రాత్రంతా ఆమె మనసులో ఫ్లోరియన్ మాటే తిరిగింది. అడగడం అలవాటు లేని మనిషి, చాలా కష్టపడి అడిగింది.

"ఆ నగరంనుంచొచ్చే ఆయన రమ్మంటే వెళ్తావట్రా?"

"రమ్మంటే అప్పుడాలోచిద్దాం. ముందే ఎందుకు?"

కన్నతల్లి పోలికే వచ్చిందని ఆమెకు మొదటిసారి విసుగనిపించింది. అవునని అన్నా బాగుండేది. కాదంటే ఇంకా బాగుండేది.

బస్సు కదిలింది. కిటికీలోంచి ఫ్లోరియన్ తల బయటికి పెట్టి అరిచాడు. "అక్కా! బల్లెక్కడం సాధన చెయ్యి! ముందు పీట మీద, తర్వాత కుర్చీ మీద!"

"తల లోపలికి పెట్టరా, ఏ స్తంభమో తగులుతుంది!" అని అరిచింది మిన్నీ. అతనికి వినిపించిందో లేదో, తల మాత్రం లోపలికి పోయింది.

*

మధ్యాహ్నం ఊరంతా గస్ట్ కొట్లోనే. రేడియో అద్దం ముందు అలమరలో ఉంది. మిన్నీ వంటగదిలో బంగాళాదుంపలు ఒలుస్తోంది. రేడియోలో మనిషి గొంతు పెరిగినప్పుడల్లా ఆమె కుళాయి తిప్పేస్తుంది. నీళ్ళ చప్పుడులో ఏదీ వినపడదు. గొంతు తగ్గిందనిపించాక కట్టేస్తుంది. అలా రెండు గంటలు గడిచేసరికి దుంపలు అయిపోయాయి, తొట్టి పొంగింది.

వినిపించిన ముక్కల్ని బట్టి సంగతి ఇది. లియాండర్ తన ఆటే ఆడుతున్నాడు. కొంచెం అందిస్తాడు, కొంచెం పరుగెత్తుతాడు, మనుషులు మీదికొస్తే బంతిని బయటికి పారేస్తాడు. ప్రోక్నో ప్రతిసారీ "చూశారా!" అంటాడు. పోర్ట్ ఎలర్టన్ క్వార్టర్‌బ్యాక్ ఫ్లోరియన్ మెచ్చే రకం. పెద్ద పెద్ద విసుర్లు విసిరాడు. ఒకటి గురి తప్పకుండా చేరింది, రెండు మన వాళ్ళ చేతుల్లో పడ్డాయి. ఒకసారి లియాండర్ బంతిని కాలితో తన్నబోతే పోర్ట్ ఎలర్టన్ వాడు అడ్డం దూకి ఆపేశాడు. ఆట చివరికొచ్చేసరికి మనకి పదమూడు, వాళ్ళకి తొమ్మిది.

"మిన్నీ! కుళాయి కట్టెయ్! ఇంక కొన్ని సెకన్లే!" అని గస్ట్ కిటికీ దగ్గరికొచ్చి అరిచాడు. ఆమె తుడుచుకోని చేతులతోనే కొట్లోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

బంతి మన దగ్గరే ఉంది గాని, ఉన్న చోటు బాగాలేదు. మన గీతకి మూడు గజాల ముందు. ఇంక ఒక్క అవకాశమే ఉంది. బంతిని దూరంగా తన్నెయ్యాలి. తన్నబోయినప్పుడు ఇందాకటిలా అడ్డుపడితే బంతి అక్కడే దొరుకుతుంది, రెండడుగులేస్తే ఆరు పాయింట్లు వాళ్ళవి, కప్పు వాళ్ళది.

"తన్నమని కోచ్ సైగ చేస్తున్నాడు," అన్నాడు రేడియోలో మనిషి. "లియాండర్ డార్ష్ గీత వెనకాల నిలబడ్డాడు. బంతి అందుకున్నాడు... తన్నలేదు. తన్నడం లేదండీ! విసురుతాడా? లేదు... పరుగెత్తుతున్నాడు. వెనక్కి! వెనక్కి పరుగెత్తుతున్నాడండీ! సొంత గీత వెనకాలే ఈ మూలనుంచి ఆ మూలకి... ఇతనికేమైంది?"

"పిచ్చెక్కింది!" అని లేచాడు ప్రోక్నో. "దిక్కు మర్చిపోయాడు! గీత వెనక దొరికిపోతే వాళ్ళకి ఊరికే రెండు పాయింట్లిచ్చినట్టే! ఒరే తన్నరా! తన్నరా బాబూ!"

కొట్టంతా రేడియోను చూసి కేకలేస్తోంది. ఎవరో టోపీ నేలకేసి కొట్టారు. కోచ్ కూడా అక్కడ అరుస్తున్నాడని రేడియో చెబుతోంది. నలుగురు ఎడ్లలాంటివాళ్ళు వెంటపడ్డారు, లియాండర్ వాళ్ళని ఆ చివరిదాకా లాక్కుపోయాడు, అక్కడ తిరిగాడు, మళ్ళీ ఇటు లాక్కొస్తున్నాడు, గడియారం నడిచిపోతోంది.

అంతమందిలో మిన్నీ ఒక్కతే అరవలేదు. నోటి మీద తడిచెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళ ముందు ఆరేళ్ళ లియాండర్ బడిసంచి వీపు మీద ఎగురుతుండగా ష్రూడర్ల కంచె పక్కన పరుగెత్తుకొస్తున్నాడు. చేతిలో వెన్న రాసిన రొట్టె.

"రొట్టె విసిరేస్తున్నాడు," అంది.

"ఏవిటీ?" అన్నాడు గస్ట్.

"కుక్కకు రొట్టె విసిరేస్తున్నాడయ్యా! విసిరేసి ఇంటికొచ్చేస్తాడు!"

"...గీత దాటి బయటికి అడుగేశాడు!" అన్నాడు రేడియో మనిషి. "కావాలనే! పోర్ట్ ఎలర్టన్‌కి రెండు పాయింట్లు. పదమూడూ పదకొండూ. కాని గడియారంలో ఇంక ఒకటి రెండు సెకన్లే మిగిలాయండీ! ఇప్పుడు ఎవరూ అడ్డురాకుండా ఖాళీగా తన్నొచ్చు... తన్నాడు... బంతి చాలా దూరం... వాళ్ళు పట్టుకున్నారు, మనవాళ్ళు పడగొట్టేశారు... అయిపోయింది! ఆట అయిపోయింది! స్టైన్‌ఫాల్స్ గెలిచింది!"

అందరూ వేళ్ళ మీద లెక్క చూసుకుంటున్నారు. తర్వాత ప్రోక్నో కుర్చీలో కూలబడి, "నాలుగు ఎక్కువుంటే రెండు పారేశాడు. ఇంత పిసినారి గెలుపు నా జన్మలో చూళ్ళేదు," అన్నాడు. అని ఏడ్చేశాడు. పక్కవాళ్ళు అతని మీద పడి వాటేసుకున్నారు. గస్ట్ తడిగుడ్డ తీసి బల్ల మీద ఈ చివరనుంచి ఆ చివరికి తుడిచాడు.

"రేపు ఫ్లోరియన్ ఎక్కాలిగా," అన్నాడు. "జారకూడదు."

*

ఆదివారం బస్సు వచ్చేసరికి ఊరంతా మిల్లు గేటు దగ్గరుంది. లియాండర్ ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో సంచి పట్టుకుని దిగాడు. మిన్నీ కప్పు వైపు చూడలేదు. కొడుకు చేతులు, కాళ్ళు, ముక్కు, చెవులు ఉన్నచోట ఉన్నాయని చూసుకుని అప్పుడు గాలి వదిలింది.

"ఆ నగరం ఆయనేవన్నాడ్రా?"

లియాండర్ నవ్వాడు. "వచ్చి చెయ్యి కలిపాడమ్మా. ‘నీలాంటివాడికి మా అమ్మాయినిస్తాను గాని జట్టునివ్వను’ అన్నాడు. అనేసి కారెక్కి వెళ్ళిపోయాడు."

"నీకు కష్టంగా లేదూ?"

"రాత్రి కొంచెంసేపుంది," అన్నాడు నిజాయితీగా. "పొద్దున లేచేసరికి లేదు. సోమవారం మొదటి షిఫ్టుంది."

మిన్నీ కొడుకు చెంప తట్టింది. వారంరోజులుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడిక తమ్ముణ్ణి బల్లెక్కించడమే తరువాయి. గస్ట్ చుట్టూ నలుగురు అప్పుడే బస్సులోకి తొంగిచూస్తున్నారు. "ఏడీ మన మహావీరుడు? సీట్ల కింద దాక్కున్నాడా?" అని కేకలేస్తున్నారు.

"మామయ్య వెనకొస్తాడా? వేరే బండెక్కాడా?" అంది మిన్నీ.

"ఇంటికి పదమ్మా, చెప్తాను," అన్నాడు లియాండర్.

సర్దిన చేతులే సంచి విప్పాలి. అది కూడా స్టైన్‌ఫాల్స్ పద్ధతే. మిన్నీ వంటింట్లో మేజోళ్ళకోసం ముందుగా పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, సంచి బల్ల మీద పెట్టింది. మోకాలి మందు సీసా మూత తియ్యలేదు. పైనున్న బనీన్లు మడత నలగలేదు. కాఫీ డబ్బా భద్రంగా ఉంది. రెండో పక్క చెయ్యి పెట్టింది. ఉన్ని చొక్కా లేదు. గడ్డం కత్తి లేదు. బిళ్ళల డబ్బా లేదు.

"మీ మామయ్యవేవిరా?"

"తీసుకున్నాడమ్మా."

"బస్సులో ఎందుకవన్నీ?"

"బస్సెక్కలేదు." లియాండర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏ మాటకి ఏ మాట ముందో చూసుకుని చెప్పే మనిషి, ఈసారి తిన్నగా చెప్పేశాడు. "గేటు దగ్గర సాసేజ్‌ల బండి ఇంకా ఉందమ్మా. ఆవిడే. భర్త పోయి ఆరేళ్ళయిందట. ఆట అయ్యాక మామయ్య వెళ్ళి ఆ గట్టు మీదే కూర్చున్నాడు. ఆవిడ చూసింది, బన్నులో సాసేజ్ పెట్టి తెచ్చింది. ‘ఈసారి ఎవరు పట్టుకున్నారు?’ అంది. మామయ్య టోపీ తీశాడు."

గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. మిన్నీ మంట తగ్గించలేదు.

"మరి నువ్వేం చేశావు?"

"సంచి పట్టుకెళ్ళి ఆయన సామాను ఇచ్చాను. బిళ్ళ మింగించాను. నువ్వు చెప్పావుగా, మింగించమని." ఖాళీ సంచి పక్కకి జరిపి అన్నాడు. "నీకో మాట చెప్పమన్నాడు. ‘పందెం ఓడిపోయాను, జాగ్రత్తపరుడు గెలుస్తాడు, ఒప్పుకున్నాను. బల్లెక్కి చెప్పడానికి రాలేను, ఇక్కడ పొయ్యి దగ్గర మనిషి కావాలట’ అన్నాడు. ఇంకా... ‘నెల రోజులుండి వెళ్తానని అక్కతో అన్నాను, కొంచెం ఆలస్యమైంది’ అన్నాడు. అని నవ్వాడమ్మా. చాలాసేపు నవ్వాడు."

మిన్నీ డబ్బా మూత తీసింది. ఆ వాసనకి ఇద్దరికీ కళ్ళ నీళ్ళొచ్చాయి. ఎవరివి దేనివల్ల వచ్చాయో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మేజోళ్ళు మరిగే నీళ్ళలో వేసి కర్రతో తిప్పింది.

"బిళ్ళలు ఇంక నాలుగు రోజులకే ఉన్నాయి," అంది చివరికి. "బుధవారం ఆఖరుది. గురువారం బస్సుకి వస్తాడు."

గురువారం ఆ ఇంట టర్కీ కోడి కాల్చే పండుగ. మిన్నీ మూడు పళ్ళేలు పెట్టి, మూడో దాని పక్కన వెన్న గిన్నె దగ్గరగా జరిపి, కావలసినంత రాసుకోవడానికి కత్తి కూడా పెట్టింది. సాయంత్రం బస్సు వచ్చింది. ఇద్దరు దిగారు, ఇద్దరూ వేరేవాళ్ళ చుట్టాలు. శుక్రవారం లియాండర్ చేత మందులషాపునుంచి మూడు నెలలకు సరిపడా బిళ్ళలు తెప్పించి, ఉన్ని చొక్కాలు ఇంకో రెండు కలిపి, గోధుమరంగు సంచిలో పెట్టి పోర్ట్ ఎలర్టన్‌కి పంపింది. క్రిస్మస్‌కి సంచి తిరిగొచ్చింది. అడుగునుంచి పైదాకా పొగబెట్టిన సాసేజ్‌లున్నాయి.

గస్ట్ శుక్రవారం శుక్రవారం బల్ల తుడుస్తూ, "ఎక్కాల్సిన మనిషి ఎక్కడమ్మా?" అని కిటికీలోంచి అడుగుతుండేవాడు. దారి బాగాలేదు, మంచు తగ్గాక వస్తాడు, అనేది మిన్నీ.

ఫ్లోరియన్ మళ్ళీ స్టైన్‌ఫాల్స్ రాలేదు. వెళ్ళింది 1972 నవంబరు 18, శనివారం.